పాత జేసీబీ కొనాలా, చిన్న ట్రాక్టరా?

ప్రశ్న: మాకు ఎనిమిది ఎకరాల ఎత్తుపల్లాల నేల ఉంది. సగం తుప్పలు, సగం గడ్డి. రెండేళ్లలో అక్కడ ఇల్లు కట్టుకోవాలనుకుంటున్నాం. ఒక కుంట తవ్వాలి, గేటు నుంచి ఇంటిదాకా 300 మీటర్ల బాట వేయాలి, నలభై దాకా పాత మొద్దులు పీకాలి, నీళ్ల పైపుకి 120 మీటర్ల కాలువ తియ్యాలి. ఆ తర్వాత పండ్ల తోట పెడతాం. మొదట లోడర్ (ముందువైపు మట్టి ఎత్తే బకెట్) ఉన్న 35 హెచ్‌పీ చిన్న ట్రాక్టర్ కొనాలని అన్నీ చూసుకున్నాను. ఇంతలో మా బావమరిది ఒక పాత ఫుల్‌సైజ్ జేసీబీ బేరం తెచ్చాడు. ఆ కొత్త ట్రాక్టర్ డబ్బుకే వస్తుంది. "అంత ఇనుము అదే డబ్బుకి వస్తుంటే ఈ బొమ్మ ట్రాక్టర్ ఎందుకు బావా" అంటున్నాడు. మా ఆవిడేమో "మీకు రెండూ నడపడం రాదు కదా" అంటోంది. ఏది కొనమంటారు? కొత్తవాడికి ఏది తేలిక?

సమాధానం: మీ ఆవిడ అన్న మాటకి జవాబు చివర్లో చెబుతాను. ముందు అసలు విషయం. మీరు రాసిన పనులన్నీ చూశాక నా సలహా, చిన్న ట్రాక్టర్ కొనుక్కోండి, తవ్వకాలకి పెద్ద బండిని అద్దెకి పిలవండి. అలాగని మీ బావమరిది మాట తీసిపారేసేది కాదు. ఆయన అన్నదే నిజమయ్యే సందర్భాలు ఉన్నాయి, వాటి సంగతీ చెబుతాను. మీది మాత్రం ఆ సందర్భం కాదు.

"అంత ఇనుము అదే డబ్బుకి" అనే లెక్క దగ్గరే చాలామంది బోల్తా పడతారు. నేనూ పడ్డాను. బండిని బరువు లెక్కన కొనేది పాత ఇనుము వ్యాపారి ఒక్కడే. మనకి కావలసింది అది చేసిపెట్టే పని.

ఒక కాగితం తీసుకుని మధ్యలో గీత గీయండి. ఒక పక్క ఒక్కసారి చేస్తే అయిపోయే పనులు రాయండి, రెండో పక్క ఏడాదికేడాది వచ్చిపడే పనులు. కుంట, మొద్దులు, పైపు కాలువ, ఇంటి పునాది మొదటి పక్కకి వస్తాయి. గడ్డి కొట్టడం, తుప్పలు మళ్లీ లేవకుండా చూడటం, వానకి కోసుకుపోయిన బాట సర్దడం, ఎరువు మోయడం, చెట్ల మధ్య దున్నడం, గుంజలకి గుంతలు తియ్యడం, ఎండుకొమ్మలు లాగడం రెండో పక్కకి. మీ ఉత్తరంలో రెండో పక్క పనుల గురించి ఉన్నది "ఆ తర్వాత పండ్ల తోట" అనే నాలుగు మాటలే. మీరు ఆ నేల మీద గడపబోయే కాలం అంతా ఆ నాలుగు మాటల్లోనే ఉంది.

ఇప్పుడు మొదటి పక్కకి గంటలు వేద్దాం. కుంట పైన 20 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల లోతు అనుకుందాం. గట్లు వాలుగా దింపితే తవ్వాల్సిన మట్టి సుమారు 470 ఘనపు మీటర్లు. తవ్విన మట్టి పొంగుతుంది కాబట్టి దాన్ని 590 దాకా వేసుకోండి. పెద్ద బండి వెనక బకెట్‌లో పావు ఘనపు మీటరు దాకా పడుతుంది. చెయ్యి తిరిగిన డ్రైవరు నిమిషానికి మూడు సార్లు తవ్వి పక్కన పోస్తాడు. బకెట్ ప్రతిసారీ నిండదు, మధ్యలో బండి జరుపుకోవాలి. అన్నీ పోను గంటకి 35 ఘనపు మీటర్లు తీసినా కుంట పదిహేడు గంటల్లో అవుతుంది. మొద్దుకి పావు గంట చొప్పున నలభై మొద్దులకి పది గంటలు. పైపు కాలువకి ఎనిమిది, పునాదికి పది. రాయి తగలడం, వాన పడటం, మీరు మనసు మార్చుకుని కుంటని పక్కకి జరపడం, వీటన్నిటికీ ఇంకో పదిహేను గంటలు వేసినా మొత్తం అరవై. అరవై గంటల పని కోసం ఏడెనిమిది టన్నుల బండి కొనమంటున్నాడు మీ బావమరిది.

రెండో పక్క లెక్క వేరు. ఎనిమిది ఎకరాల్లో గడ్డి, తుప్ప, తోట, బాట చూసుకోవడానికి ఏటా నూట యాభై గంటల దాకా ట్రాక్టర్ తిరుగుతుంది. అదీ ఆగకుండా పదేళ్లు. ఆ నూట యాభైలో జేసీబీ చేయగలిగింది ఎంత? మోయడం, కాస్త లాగడం, కాస్త సర్దడం. గడ్డి కొట్టలేదు, దున్నలేదు, మందు కొట్టలేదు. పీటీఓ (ఇంజన్ బలంతో వెనక పనిముట్టుని తిప్పే కడ్డీ) ఉండదు, వెనక మూడు పాయింట్ల లింకేజీ (పనిముట్లు తగిలించే మూడు చేతులు) ఉండదు, ఆ చోట తవ్వే చెయ్యి ఉంటుంది కాబట్టి.

నిజానికి ఈ రెండు బండ్లూ ఒక ఇంటివే. జేసీబీ కంపెనీ 1953లో చేసిన మొదటి బ్యాక్‌హో, ఫోర్డ్‌సన్ మేజర్ అనే పొలం ట్రాక్టర్‌కి తవ్వే చెయ్యి తగిలించి చేసిందే. తర్వాత ఆ చెయ్యి పెరిగి, చాసిస్ బరువెక్కి, పొలం పోలికలు పోయి వేరే జాతి అయిపోయింది. ట్రాక్టర్ మాత్రం హ్యారీ ఫెర్గూసన్ 1926లో పేటెంట్ పొందిన లింకేజీని ఇప్పటికీ వదల్లేదు. ఆ మూడు పాయింట్లలోనే ట్రాక్టర్ ప్రాణం ఉంది. పొద్దున రోటవేటర్, మధ్యాహ్నం గుంతలు తీసే ఆగర్, సాయంత్రం బాట సర్దే బాక్స్ బ్లేడు. పనిముట్టు మారితే బండి మారిపోయినట్టే. (మాటల్లో మాట, ఏ కంపెనీ బండినైనా మనం జేసీబీ అనేస్తాం. చైను బండిని కొందరు ప్రొక్లెయినర్ అంటారు, కొందరు ఇటాచీ అంటారు. మొదటిది పొక్లెయిన్ అనే ఫ్రెంచి కంపెనీ పేరు, రెండోది హిటాచీ. కంపెనీల పేర్లు ఇట్టే మన మాటలైపోయాయి. బండి కొనేటప్పుడు మాత్రం రేకు మీద ఏ పేరుందో చదవండి, స్పేర్ పార్టులు ఆ పేరు మీదే దొరుకుతాయి.)

"ట్రాక్టర్‌కే వెనక చిన్న బ్యాక్‌హో తగిలిస్తే రెండూ అయిపోతాయి కదా" అని తర్వాతి ఉత్తరంలో మీరు అడుగుతారని నాకు తెలుసు. అందరూ అడుగుతారు. తగిలించవచ్చు. రెండు, రెండున్నర మీటర్ల లోతు దాకా తవ్వుతుంది. కానీ దాని బకెట్‌లో పట్టేది 0.04 ఘనపు మీటరు, అంటే నాలుగైదు తట్టల మట్టి. గంటకి ఆరు ఘనపు మీటర్లు తీస్తే గొప్ప. మీ కుంటకి దాదాపు వంద గంటలు. అదీ పూర్తి లోతు దగ్గర, చెయ్యి చివరిదాకా చాచి, మునివేళ్లతో గీకుతున్నట్టు తవ్వాలి. పెద్ద బండికి నాలుగున్నర మీటర్ల దాకా అందుతుంది కాబట్టి రెండున్నర మీటర్ల దగ్గర అది తీరుబడిగా తవ్వుతుంది. పైగా చిన్న బ్యాక్‌హో తగిలి ఉన్నంతసేపూ లింకేజీకి వేరే పనిముట్టు ఏదీ తగలదు. దాన్ని తీసి పెట్టడం, మళ్లీ తగిలించడం మొదటి నెల సరదాగానే ఉంటుంది. తర్వాత అది షెడ్డు మూలన ఉండిపోతుంది. ఏడాదంతా పైపులూ కాలువలూ తవ్వుకునేవాళ్లకే అది అచ్చొస్తుంది.

అయినా కొనే తీరతానంటే ఒక్క సంగతి గుర్తుంచుకోండి. బ్యాక్‌హో, ట్రాక్టర్ ఒంటికి బిగించిన సబ్‌ఫ్రేమ్ (అదనపు ఇనుప చట్రం) మీద కూర్చునేది అయి ఉండాలి. ఊరికే మూడు పాయింట్ల లింకేజీకి తగిలించే రకం జోలికి పోవద్దు. బకెట్ మొద్దు వేరుకి పట్టుకున్నప్పుడు ఆ లాగుడంతా ట్రాక్టర్ వెనక హౌసింగ్ మీద పడుతుంది. చిన్న ట్రాక్టర్‌కి విడిగా చాసిస్ ఉండదు, ఇంజనూ గేర్‌బాక్సూ ఒకదానికొకటి బోల్టులతో బిగించి ఉంటాయి. అక్కడే పగులుతుంది. అంతకన్నా ఘోరం, పైలింకు తెగినా వంగినా ఆ బ్యాక్‌హో మొత్తం పైకి మడుచుకుని, సీట్లో ఉన్న మనిషి మీదకే వస్తుంది.

ఇక బావమరిది తెచ్చిన బండి సంగతి.

నేను ఒకప్పుడు సరిగ్గా ఇలాంటిదే కొన్నాను. ఒక కాంట్రాక్టరు దగ్గర పదిహేనేళ్లు పనిచేసిన బండి. ఇంజన్ గడియారంలా నడిచేది. అమ్మినాయన ఇంజన్ వినిపించాడు, నేను ఇంజన్ విన్నాను. మూడో వారంలో తవ్వే చేతిని పక్కకి తిప్పే సిలిండర్ సీలు పోయింది. సీలు మార్పించాను. నెలకి మళ్లీ పోయింది. అప్పుడు మెకానిక్ రాడ్డు మీద నా వేలు పట్టుకుని గీయించాడు. నున్నగా ఉండాల్సిన క్రోమ్ మీద ఆవగింజంత తుప్పు గుంటలు. బండిని ఏళ్లతరబడి సిలిండర్లు చాచి ఎండకీ వానకీ వదిలేశారన్నమాట. రాడ్డు లోపలికీ బయటికీ ఆడినప్పుడల్లా ఆ గుంటల అంచులు కొత్త సీలుని కూడా కోసేస్తున్నాయి. రాడ్డు మార్చాల్సి వచ్చింది. అది వచ్చేదాకా బండి సగం తవ్విన గుంతలో రెండున్నర నెలలు నిలబడింది. ఈలోగా పడిన వానకి ఆ గుంతలో కప్పలు చేరాయి. చివరికి ఆ గుంత పూర్తి చేయడానికి నేను అద్దెకి ఇంకో జేసీబీని పిలిచాను.

ఆ డ్రైవరు దిగి, నా బండి చుట్టూ ఒక రౌండు వేసి, ఏమీ అనకుండా పనిలోకి దిగాడు. ఏదన్నా అంటే బాగుండేది.

అందుకే చెబుతున్నాను, పాత పెద్ద బండి చవగ్గా రావడానికి ఒక కారణం ఉంటుంది. దాని ధర పడిపోతుంది కానీ విడిభాగాల ధర పడిపోదు. హైడ్రాలిక్ పంపు, టార్క్ కన్వర్టర్ (ఇంజన్ బలాన్ని గేర్‌బాక్స్‌కి అందించేది), టైర్లు, అన్నీ కొత్త బండికి ఎంతో దీనికీ అంతే. సిస్టమ్ మొత్తం ఖాళీ చేసి ఆయిల్ మారిస్తే వంద లీటర్లు దాటుతుంది. ఏ భాగమూ ఒక్క మనిషి ఎత్తేలా ఉండదు. మీ షెడ్డులో ఉన్న పానాలు దాని బోల్టులకి సరిపోవు.

అయినా బేరం బాగుందని మీ బావమరిది పట్టుబడితే, చూడటానికి తెల్లవారుజామున వెళ్లండి. వస్తున్నామని గంట ముందే చెప్పొద్దు. వెళ్లగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీకోసం ముందే స్టార్ట్ చేసి ఉంచారని అర్థం. చల్లగా ఉన్న ఇంజన్ ఎలా అందుకుంటుందో, నీలిపొగ ఎంతసేపు కొడుతుందో చూడాలి. కాసేపు నడిచాక ఆయిల్ పోసే మూత వదులు చేసి చూడండి, అక్కడి నుంచి గట్టిగా ఊదుతుంటే పిస్టన్ రింగుల పని అయిపోతోంది. గంటల మీటరుని నమ్మకండి, మీటర్లు మారతాయి. పెడళ్ల రబ్బరు, సీటు, లివర్ల పిడులు అబద్ధం చెప్పవు. మీటరు మూడు వేల గంటలు చూపిస్తూ, పెడలు ఇనుము తేలి మెరుస్తుంటే లెక్క మీకే తెలుస్తుంది.

తర్వాత ముందు బకెట్ నేలకి నొక్కి ముందు చక్రాలు, వెనక కాళ్లు దించి వెనక చక్రాలు గాల్లోకి లేపించండి. ఇంజన్ ఆపేసి పది నిమిషాలు పక్కన కూర్చోండి. బండి దానంతట అది కిందికి దిగుతోందంటే సిలిండర్లు లోలోపల కారుతున్నాయి. అప్పుడు దాని కింద మీరుగానీ పిల్లలుగానీ ఉండకూడదని వేరే చెప్పక్కర్లేదు. వెనక చెయ్యి పూర్తిగా చాపి, బకెట్‌ని నేలకి జానెడు ఎత్తున ఆపించి, ఇంజన్ ఆపాక బకెట్ పళ్లు పట్టుకుని అటూ ఇటూ ఊపండి. పిన్నుల్లో, బుష్‌ల్లో రెండు మిల్లీమీటర్ల అరుగుదల ఉన్నా, ఒక్కో జాయింటూ దాటి చివరికి వచ్చేసరికి బెత్తెడు ఊగుతుంది. కొద్దిగా ఊగడం మామూలే. చర్చి గంటలా ఊగితే పిన్నులతో పోదు, పిన్ను కూర్చునే బెజ్జాలే సాగిపోయాయి, వాటికి వెల్డింగు చేసి మళ్లీ బోరింగ్ పట్టించాలి. చేతి మీద ఎక్కడైనా కొత్త పెయింటు, దాని కింద పట్టీ వేసిన వెల్డింగు కనిపిస్తే అక్కడ ఒకసారి విరిగిందన్నమాట.

చివరగా బండి బాగా వేడెక్కాక మట్టి కుప్పలోకి బకెట్ తోయించండి. చక్రాలు గిర్రున తిరిగి జారితే మంచిదే. ఇంజన్ గర్జిస్తూ చక్రాలు కదలకపోతే టార్క్ కన్వర్టరో, క్లచ్ ప్యాకో చివరి దశలో ఉంది. ఈ పరీక్షలు చెయ్యనివ్వని మనిషి దగ్గర కొనకండి.

చిన్న చెమ్మలా ఆయిల్ కారుతున్న హోస్ పైపుని వేలితో తడిమి చూసే అలవాటు చాలామందికి ఉంది. మీకు అలవాటు కాకూడదు. ఈ బండ్లలో ఆయిల్ ఒత్తిడి 200 బార్ల పైమాటే. సూదిమొనంత బెజ్జం నుంచి వచ్చే ఆయిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి చీమ కుట్టినంత గాయమే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట ఉండకపోవచ్చు. గంటల్లో ఆపరేషన్ జరక్కపోతే వేలు, ఒక్కోసారి చెయ్యే పోతుంది. లీకు వెతకాలంటే అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. ఇది చిన్న ట్రాక్టర్‌కీ వర్తిస్తుంది.

బావమరిది ఎప్పుడు కరెక్టంటే, మీరు నేలని చదును చేయడానికే రెండు మూడేళ్లు, వారానికి రెండు రోజులు తవ్వే మనిషైతే. లేదా చుట్టుపక్కల వాళ్లకి అద్దెకి తిప్పే ఉద్దేశం ఉంటే. లేదా నేల నిండా బండరాళ్లుంటే. రాళ్ల దగ్గర బరువే బలం, ఒకటిన్నర టన్నుల ట్రాక్టర్ ఎంత గింజుకున్నా రెండు టన్నుల రాయి కదలదు. అద్దె బండి దొరకని మారుమూల చోటైనా సరే. వీటన్నిటికన్నా ముఖ్యంగా, మీకు వెల్డింగూ, హైడ్రాలిక్సూ వచ్చి, ఆదివారాలు గ్రీజు చేతులతో గడపడం ఇష్టమైతే. అలాంటివాళ్లు పాత జేసీబీ కొని, పని ముగించి, కొన్న డబ్బుకే అమ్మేసినవాళ్లు నాకు తెలుసు. అది కొని అమ్మే పద్ధతి. రాబట్టాలంటే పని అవ్వగానే అమ్మాలి. మనవాళ్లు అమ్మరు, "ఎప్పుడైనా పనికొస్తుంది" అని ఉంచుకుంటారు. నిలబడ్డ బండిలో బ్యాటరీ చస్తుంది, ఎలుకలు వైర్లు కొరుకుతాయి, డీజిల్ ట్యాంకులో నీరు చేరుతుంది.

నేల విషయం కూడా చూడండి. ఏడున్నర టన్నుల బండి తడి నేలలోకి దిగితే దిగబడుతుంది. దిగబడ్డా అది తన చెయ్యి తాను చాచి, బకెట్ నేలకి గుచ్చి, తనని తానే బయటికి లాక్కోగలదు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. అది వెళ్లిపోయాక మోకాలి లోతు చక్రాల గాడులు చూస్తే ముచ్చట తీరిపోతుంది. చెట్ల వేళ్లు పాకాల్సిన చోట అంత బరువు పదేపదే తిరిగితే మట్టి బిగుసుకుపోతుంది, నీరు ఇంకదు. తోట పెట్టాక చెట్ల వరసల మధ్యకి రెండు మీటర్లకి పైగా వెడల్పున్న బండి ఎటూ పోలేదు. మీ గేటూ, గేటు ముందున్న తూమూ కూడా కొలుచుకోండి. నీళ్ల ట్యాంకు, సెప్టిక్ ట్యాంకు మూతల మీదికి అది ఎక్కితే ఏమవుతుందో ఆలోచించండి.

అద్దె బండిని పిలిచేటప్పుడు డబ్బు వృథా అయ్యేది తవ్వకంలో కాదు, "ఇక్కడా, అక్కడా" అని మనం నిలబడి ఆలోచించే సమయంలో. పనులన్నీ ఒక విడతలో పెట్టుకోండి. కుంట అంచులు, కాలువ దారి ముందురోజే సున్నంతో గీసి ఉంచండి. కుంట తవ్వే చోట మొదట ఒక్క గుంత పూర్తి లోతుకి తీయించి, రెండు రోజులు వదిలేసి చూడండి, అడుగున ఇసుక పొర ఉంటే నీళ్లు నిలవవు. పైన అడుగు మందాన ఉండే నల్లని మట్టిని వేరే కుప్ప పోయించండి, అదే మీ తోటకి కావలసింది. కింది మట్టిని ఎక్కడ పోయాలో కూడా ముందే నిర్ణయించుకోండి, ఒకసారి పోసిన మట్టిని మళ్లీ ఎత్తితే ఖర్చు రెట్టింపు. కుంట ఒక్కదానికే అయితే జేసీబీ కన్నా చైను బండి వేగం. భూమిలో కరెంటు, నీళ్ల లైన్లు ఏమున్నాయో కనుక్కున్నాకే పళ్లు దించాలి. కాలువ నడుం లోతు దాటాక అందులోకి ఎవరూ దిగకూడదు. ఘనపు మీటరు మట్టి ఒకటిన్నర టన్ను, గట్టు కూలితే కేక వేసేంత వ్యవధి కూడా ఉండదు.

బాట మాత్రం మీ ట్రాక్టర్‌తోనే అవుతుంది. 300 మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం అంటే 135 ఘనపు మీటర్ల కంకర. చిన్న లోడర్‌తో ఒక్కో బకెట్టూ మోస్తే ఐదు వందల ట్రిప్పులు దాటుతాయి. ఆ తప్పు చెయ్యకండి. టిప్పరు నడుస్తూ వెనక తలుపు సగం తెరిచి పొడుగునా పోసుకుంటూ వెళ్లాలి. మీరు వెనక బాక్స్ బ్లేడుతో సర్దుకుంటూ రావాలి.

ట్రాక్టర్ ఎంచుకునేటప్పుడు హెచ్‌పీ కన్నా లోడర్ ఎత్తే బరువు చూడండి. కేటలాగులో రాసే అంకె చాలాసార్లు బకెట్ పిన్నుల దగ్గరిది. బకెట్ బరువు అందులో పోతుంది, సరుకు పిన్నుల కన్నా ముందుకి ఉంటుంది. 600 కిలోలని రాసి ఉంటే, ఫోర్కుల మీద పెట్టిన సరుకు పూర్తి ఎత్తుకి లేచేది దాదాపు సగం. నాలుగు చక్రాలకీ పవర్ ఉండేదే తీసుకోండి. లోడర్ పని ఎక్కువ కాబట్టి హైడ్రోస్టాటిక్ గేర్‌బాక్స్ ఉంటే ప్రాణం సుఖం, ముందుకీ వెనక్కీ పెడలు నొక్కితే చాలు. దున్నడమే ఎక్కువైతే మామూలు గేర్లు నయం. వెనక మూడు వందల కిలోలకి తక్కువ కాకుండా బరువు తగిలించకుండా లోడర్‌తో ఎత్తకండి, వెనక చక్రాలు తేలిపోతాయి, బ్రేకులు ఉండేది ఆ చక్రాలకే.

మీ ఆవిడ ప్రశ్నకి వద్దాం. రెండూ నేర్చుకోవచ్చు. జేసీబీ తవ్వే చేతిని కదపడం రెండు రోజుల్లో వస్తుంది, నాలుగు కదలికలూ కలిపి ఒక్క ఊపులో తవ్వడానికి కొన్ని వందల గంటలు పడుతుంది. ట్రాక్టర్ నడపడం పూటలో వస్తుంది. రావడంతోనే ధైర్యం కూడా వచ్చేస్తుంది, ప్రమాదం అక్కడే మొదలవుతుంది. ఏటవాలు నేల మీద నిండు బకెట్ పైకెత్తి అడ్డంగా తిరిగితే ట్రాక్టర్ పక్కకి పడిపోతుంది. బకెట్ నేలకి జానెడు ఎత్తులోనే ఉంచి, వాలుకి నిలువుగా ఎక్కి దిగండి. సీటు వెనక రోల్ బార్ (బండి తిరగబడితే మనిషిని కాపాడే ఇనుప చట్రం) ఎత్తి ఉన్నంతసేపూ బెల్టు పెట్టుకోండి. కొమ్మలు తగులుతాయని రోల్ బార్ మడిచినప్పుడు మాత్రం బెల్టు పెట్టుకోకూడదు, బండి తిరగబడితే దూకే దారి మూసుకుపోతుంది. పని అయ్యాక తిరిగిచ్చేస్తే అద్దె బండి మీ నెత్తి మీద ఉండదు, మీ ట్రాక్టర్ మాత్రం రోజూ వాకిట్లో నిలబడుతుంది కాబట్టి దాన్ని మీ ఆవిడ కూడా నేర్చుకోవడం మంచిది. మొదటి పది గంటలు మెత్తటి మట్టి కుప్ప ఒకటి పెట్టుకుని అక్కడి నుంచి ఇక్కడికీ, ఇక్కడి నుంచి అక్కడికీ మోస్తూ గడపండి. దిగే ప్రతిసారీ బకెట్ నేలకి ఆనించి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజన్ ఆపి, తాళం జేబులో వేసుకుని దిగండి.